విన్నది విన్నట్టు రాసిన పంతులు

ఆగస్టు 29 దగ్గర పడ్డదంటె మా దోస్తుల నడుమ ఒక పంచాయితి మొదలైతది. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన శ్రీకాకుళం దిక్కు మనిషి, మనకు సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు ఉండనే ఉన్నది, నీకు ఆయన ముచ్చట ఎందుకు అని అడుగుతరు. కాళోజీ మీద నాకున్న గౌరవం ఎవ్వలకు తక్కువ లేదు. గని నా రాత నాకే అబద్ధమనిపించిన రోజులల్ల నన్ను దారిల పెట్టింది మాత్రం ఈ పర్లాకిమిడి పంతులే. అందుకే ఆయన కత జెర నిమ్మళంగ చెప్పుకోవాలె.

ముందుగాల నా సంగతి. మా అమ్మ బీడీలు చేస్తది. నేను ఇంటర్ల ఉన్నప్పుడు మొదటి కత రాసిన. తునికాకు, తంబాకు, కత్తెర, ఒళ్లో చేట, కట్ట తక్కువైతె కార్ఖానల పడే మాటలు, అన్నీ అందుల ఉండె. ఒక పత్రికకు పంపితె తిరిగొచ్చింది. విషయం బాగున్నదట, భాషనే బాగలేదట. సరేనని కూసోని మాటమాట మార్చిన. పోయింది అన్న కాడ వెళ్లింది అని పెట్టిన, ఎట్ల అన్న కాడ ఎలా అని పెట్టిన. అచ్చయింది. సంబురంగ ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించిన. అంతా విని, మంచిగున్నది బిడ్డా, ఇది ఎవల కత అని అడిగింది.

పదిహేనేండ్ల తర్వాత కాలం మారింది. యాసకు గిరాకి వచ్చింది. ఇంకొకల కోసం వారం వారం రాసుడు షురూ జేసిన. యాస ఇంకింత దట్టించు, చదివేటోళ్లకు మజా వస్తది అని చెప్పిండ్రు. నేనూ దట్టించిన. ప్రతి వాక్యానికి ఒక గీ, ఒక గా. మా ఊర్ల ఎవ్వలూ అనని పాత మాటలు గూడ ఏరుకొచ్చి పెట్టిన. అది గూడ అమ్మకు చదివిన. ఈసారి ఆమె పకపక నవ్వింది. సినిమాల జోకరు మాట్లాడినట్టున్నది, ఎవలు వాడు అని అడిగింది.

ఒకసారి పక్కోని అంగి తొడుక్కున్న. ఇంకోసారి నా అంగికే అద్దాలు కుట్టుకొని ఊరేగిన. రెండు సార్లూ మా అమ్మ నన్ను గుర్తుపట్టలే. ఆ తర్వాత ఆరు నెలలు ఒక్క ముక్క రాయలే. గా టైంల గిడుగు పంతులు గురించి చదువుడు మొదలుపెట్టిన.

ఆయన 1863ల పుట్టిండు. వంశధార ఒడ్డున, ముఖలింగం గుడి దగ్గర పర్వతాలపేట అనే ఊరు. తండ్రి వీర్రాజు పర్లాకిమిడి జమీందారీల నౌకరి చేసేటోడు. పోరనికి పన్నెండేండ్లు ఉన్నప్పుడే జ్వరమొచ్చి చనిపోయిండు. మేనమామ అండతోని చదువుకున్నడు. విజయనగరంల మహారాజావారి బడిల ఆయనతోని కలిసి చదివిన ఇంకో పోరడు గురజాడ అప్పారావు. ఒక్క బడిల చదివిన ఇద్దరు పోరగాండ్లు తర్వాత తెలుగు రాతను ఎట్ల తిప్పిండ్రో చూస్తె తమాషా అనిపిస్తది. 1879ల మెట్రిక్ పాసయిండు. ఏడాదికే పర్లాకిమిడి రాజావారి బడిల ముప్పై రూపాయల జీతానికి పంతులుగ చేరిండు. చెప్పేది చరిత్ర పాఠం, తెలుగు పాఠం కాదు. ఈ సంగతి మనసుల పెట్టుకోండ్రి.

ఆయనకు ఒక పిచ్చి ఉండె. ఎవ్వలూ చెప్పకున్నా తనే నేర్చుకునే పిచ్చి. ముఖలింగం గుడి గోడల మీద పాత శాసనాలు ఉంటె, ఆ లిపి తనకు తానే నేర్చుకొని చదివిండు. పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండలల్ల సవరలు. వాళ్లకు వాళ్ల భాషల చదువు చెప్పాలె అన్న ఆలోచన వచ్చింది ఈ చరిత్ర పంతులుకు. చెప్పాలంటె ముందు తనకు ఆ భాష రావాలె. నేర్చుకుందామంటె పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, లిపి గూడ లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్ల పెట్టుకొని, ఆయన నోటి నుంచి ఒక్కొక్క మాట వినుకుంట నేర్చుకున్నడు.

జెర ఆలోచించండ్రి. పండితుల కులంల పుట్టినోడు, ఇంగ్లీషు చదివినోడు, ఊర్ల రాజావారి బడి పంతులు. ఆయన ఒక కొండ మనిషి ముంగట శిష్యుని లెక్క కూసున్నడు. ఈ మాట తప్పా ఒప్పా అని అడుగుదామంటె నన్నయ లేడు, సూత్రం లేదు. ఆ సవర మనిషి ఎట్లంటె అదే ఒప్పు. ఆయన అట్ల మాట్లాడం అంటె ఇగ అది తప్పే. సవర భాష ముండా కుటుంబంది, తెలుగుకు చుట్టం కాదు. గొంతుల టక్కున ఆగిపోయే సప్పుడు ఒకటి ఉంటది అందుల. మన అక్షరాలల్ల దానికి గుర్తే లేదు. గుర్తు లేదని ఆ సప్పుడును వదిలేస్తె మాట మారిపోతది. వినాలె, మళ్ల వినాలె, దానికి ఒక గుర్తు పెట్టాలె. ఏండ్లకు ఏండ్లు గదే పని. సవరల పాటలు, కతలు రాసుకున్నడు. వాళ్ల భాషలనే పుస్తకాలు తయారుచేసిండు. సొంత పైసలతోని బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చిండు.

ఆ కొండలల్ల తిరిగినందుకు చలిజ్వరం పట్టింది. క్వినైన్ మింగి మింగి చెవులు దెబ్బతిన్నయి. వినుడే పనిగ పెట్టుకున్న మనిషికి ఆఖరుకు వినపడకుంటయింది. ఇది చదివిన రోజు నేను పుస్తకం పక్కకు పెట్టి చానసేపు ఊకె కూసున్న.

ఇగ అసలు ముచ్చట. సవరల కాడ ఇరవై ఏండ్ల దాంక అట్ల చెవి పెట్టిన ఈ మనిషి, అన్ని రోజులూ తెలుగు రాత గురించి ఏ కొట్లాటా పెట్టుకోలే. బడిల పోరగాండ్లు పుస్తకాల భాషల రాసేది, అది అట్లనే ఉంటదని అందరి లెక్కనే ఊకున్నడు. 1907 ఆ ప్రాంతంల జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషాయన స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగ వచ్చిండు. ఆయనకు తెలుగు నేర్చుకునే కాడ ఒక చిక్కు వచ్చింది. బడిల చెప్పే తెలుగు బజార్ల ఎవ్వలూ మాట్లాడరు, బజార్ల తెలుగు బడిల పనికిరాదంటరు, ఇదెక్కడి పద్ధతి అని అడిగిండు. గురజాడ, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, యేట్స్, ఈ నలుగురు కలిసి ఆ ప్రశ్న పట్టుకున్నరు. నాకేమనిపిస్తదంటె, సవర మనిషి కాడ ఏ న్యాయం పాటించిండో అదే న్యాయం తన ఇంటి భాషకు పాటిస్తలేనని పంతులుకు అప్పుడు సోయి వచ్చి ఉంటది. దూరపోని మాట వినుడు అలకగ ఉంటది. ఇంట్లోళ్ల మాట వినుడే కష్టం. నాకు తెలుసు గద.

అప్పటి బడి తెలుగు ఎట్లుండేదో ఇప్పటి పిల్లలకు తెల్వది. మద్రాసుల పరవస్తు చిన్నయసూరి అనే గొప్ప పండితుడు 1853ల నీతిచంద్రిక రాసిండు, 1858ల బాలవ్యాకరణం రాసిండు. పద్యాల కోసం ఉన్న నియమాలను వచనానికి గూడ గట్టిగ బిగించిండు. బడులల్ల అదే చట్టమయింది. వాడు, వీడు అని రాసేటప్పుడు నడుమ ఎవ్వలూ పలకని అరసున్న పెట్టాలె. ఏ మాట తర్వాత క వస్తె గ అయితదో, ఎక్కడ కాదో సూత్రం చూసి రాయాలె. చేస్తున్నడు అంటె తప్పు, చేయుచున్నాడు అంటె ఒప్పు. పోరడు తను చూసిన తిరునాల గురించి నాలుగు ముక్కలు రాయాలన్నా, కండ్ల ముంగట తిరునాల కనిపించదు, సూత్రం కనిపిస్తది.

పంతులు ఈ కొట్లాటను ఉత్త ఆవేశంతోని చేయలే. శాసనాలు చదివినట్టే చేసిండు. పండితుల పుస్తకాలు ముంగటేసుకొని, వాళ్ల సూత్రాలతోనే వాళ్ల వాక్యాలను కొలిచిండు. పేజీ పేజీకి తప్పులు దొరికినయి. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అని దాని మీద ఒక పుస్తకమే రాసిండు. ఎగతాళి చేయాలని కాదు ఆ లెక్క. జిందగీ అంతా ఆ భాషనే చదివిన పండితులకే అది పట్టువడకపోతె, ఆరో తరగతి పోరనికి ఎట్ల పట్టువడుతది అన్నది ఆయన ప్రశ్న. తనది కాని భాషల రాసేటోడు ఎంత పెద్దోడైనా ఏదో ఒక కాడ దొరికిపోతడు.

ఇంకో పని గూడ చేసిండు. మాట్లాడే భాషల వచనం రాసుడు కొత్త వేషాలు కాదు, మన పెద్దలు చేసిందే అని చూపెట్టిండు. పాత శాసనాలు, ఉత్తరాలు, ఊరి కైఫియతులు, పండితులే శిష్యులకు రాసిచ్చిన టీకలు, అన్నీ వెతికి గద్యచింతామణిల పెట్టిండు. పద్యాలు రాసే కాడ బిగించుకున్న పండితులు గూడ ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు నోటి మాటనే రాసిండ్రు. అక్కడ వాళ్లు నిజం మనుషులు.

ఎదురు నిలిచినోళ్లు గూడ చిన్నోళ్లు కాదు. జయంతి రామయ్య పంతులు ముందుండి 1911ల ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టిండ్రు. స్కూలు ఫైనలు పరీక్షల పిల్లలు వ్యాసం ఏ భాషల రాయాలె అన్న కాడ లొల్లి ముదిరింది. వాడుక భాషల గూడ రాయొచ్చని ముందు ఒప్పుకున్నరు. సభలు, అర్జీలు, పత్రికలల్ల తిట్లు. కొన్నేండ్లకే ఆ ఒప్పుకున్నది గూడ వెనుకకు పోయింది. మద్రాసు యూనివర్సిటీ కమిటీల గురజాడ ఒప్పుకోకుంట 1914ల పెద్ద అసమ్మతి పత్రమే రాసిచ్చిండు. మరుసటి ఏడు ఆయనే కన్నుమూసిండు. పంతులు ఒంటరైండు. 1911లనే నౌకరి వదులుకున్న మనిషి, జీతం లేదు, చెవులు లేవు, దోస్తు లేడు.

అయినా ఆగలే. ఊరూరు తిరిగి సభలు పెట్టిండు. 1919ల తెలుగు అని ఒక మాసపత్రిక తెచ్చిండు, ఏడాదికే బందయింది. గదే ఏడు వాడుక భాష కోసం రాజమండ్రిల ఒక సమాజం పెడితె దానికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడైండు. జిందగీల ఎక్కువ భాగం గ్రాంథికంల రాసిన మనిషి, ముసలితనంల అవతలి ఒడ్డుకు వచ్చి నిలబడ్డడు. కొద్ది నెలలకే పోయిండు. 1925ల తణుకుల సాహిత్య పరిషత్తు సభ జరిగితె, గిడుగు నాలుగు గంటలు మాట్లాడిండు. గొంతు పెంచి కాదు, పుస్తకాలు విప్పి చూపెట్టి. తనను కాదన్న పరిషత్తు ముంగటనే గెలిచిండు.

ఇప్పుడు మన దోస్తుల ప్రశ్నకు వస్త. పంతులు గెలిచిండు గని, గెలిచిన తర్వాత ఏమయింది? ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం. అంటె చదువుకున్న మర్యాదస్తులు మాట్లాడే తెలుగు. కైకిలి పోయే అవ్వ మాటను ఉన్నదున్నట్టు పుస్తకాలల్ల పెట్టాలని ఆయన అడగలే. ఈ సంగతి దాచిపెట్టుడు మంచిది కాదు. తర్వాత పత్రికలు పెరిగిన కాడ, అచ్చు యంత్రాలు, పైసలు, చదువులు ఉన్న కృష్ణా గోదావరి జిల్లాల మాట ఆ శిష్ట కుర్చీల కూసున్నది. మన ఎట్ల, గిట్ల బయటనే నిలబడ్డయి. గమ్మత్తు ఏందంటె పంతులు పుట్టిన శ్రీకాకుళం మాట గూడ బయటనే నిలబడ్డది. సినిమాలల్ల నవ్వించేటోనికి మన మాట పెట్టినట్టే వాళ్ల మాటా పెట్టిండ్రు. నా మొదటి కత తిరిగొచ్చింది ఆ కుర్చీ కాడి నుంచే.

మరి ఆయన మీద కోపం రావాలె గద? నాకు రాలే. ఎందుకంటె ఆయన తెలుగు కోసం కోరింది ఒకటైతె, సవరల కాడ చేసింది అంతకన్న పెద్దది. అక్కడ ఆయన శిష్టులు ఎవలని అడగలే. మాట్లాడేటోడే ప్రమాణం అన్నడు, ముప్పై ఏండ్లు దానికే కట్టుబడ్డడు. 1931ల సవర వ్యాకరణం, 1938ల సవర ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు సర్కారు అచ్చేసింది. కాళోజీ, ఆయన తర్వాత తెలంగాణల మన నోటి మాట కోసం నిలబడ్డోళ్లు కోరింది గూడ ఆ సవర న్యాయమే అని నా లెక్క.

1936ల ఒడిశా కొత్త రాష్ట్రమయి పర్లాకిమిడి అటు పోయింది. యాభై ఏండ్ల పైన బతికిన ఊరు విడిచిపెట్టి డెబ్బై దాటిన ముసలాయన రాజమండ్రిల ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిండు. కొండలు అక్కడనే ఉండిపోయినయి. గా ఏడే మంగై గొమాంగో అనే సవరాయన తమ భాషకు తమ సొంత లిపి తయారుచేసుకున్నడు, సొరంగ్ సొంపెంగ్ అంటరు దాన్ని. పంతులు పెట్టిన గుర్తులు కాదని వాళ్ల గుర్తులు వాళ్లు పెట్టుకున్నరు. నాకైతె అది చదివి సంబురమయింది.

1940 జనవరిల, ఇంక వారం రోజులల్ల ప్రాణం పోతదనంగ, మద్రాసుల పత్రికల సంపాదకులను కూడబెట్టి జనం మాటల రాయండ్రని వాళ్లను బతిమిలాడిండు. బడుల తర్వాత ఆయన ఆఖరి ఆశ పత్రికల మీదనే ఉండె. జనవరి 22న పోయిండు.

ఇవన్నీ చదివినంక నేను ఒక పని చేసిన. మా అమ్మ వాకిట్ల కూసోని పక్కింటి పెద్దమ్మతోని మాట్లాడుతుంటె ఫోన్ల రికార్డు పెట్టిన, ఆమెకు చెప్పే పెట్టిన. మొదటి పది నిమిషాలు బిగుసుకపోయింది, తర్వాత మర్చిపోయింది. రాత్రి కూసోని విన్నది విన్నట్టు కాయిదం మీద పెడితె నా తల తిరిగింది. నేను దట్టించిన గీ, గా ఆమె నోట్లె అరుదు. పెద్దమ్మతోని ఒక తీరు మాట్లాడింది. కార్ఖానల బీడీలు తీసుకునేటాయన ఫోన్ జేస్తె గొంతే మారింది, సార్ అన్నది, మాట పొట్టిగయింది, కొసలు మింగింది. మనవరాలు బడి నుంచి వస్తె హోంవర్క్, టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్ అన్నీ అన్నది. పింఛన్ ముచ్చట చెప్పే కాడ దరఖాస్తు, తారీఖు, మంజూరు అన్నది. యాస అంటె నేను ఏరుకొచ్చి పెట్టుకున్న మాటల మూట కాదు. ఎవలతోని మాట్లాడుతున్నదో, ఎంత భయమున్నదో, ఎంత చనువున్నదో దాన్ని బట్టి ఒక్క మనిషే ఒక్క పొద్దుల నాలుగు తీర్ల మాట్లాడింది. ఏడ ఆగిందో గూడ రాసుకున్న. కొడుకు చదువు ముచ్చట వచ్చిన కాడ ఆగింది. మొదటి కతల ఆ ఆగుడు నేను రాయలే, దానికి గుర్తు తెల్వక.

నా పాత కత ఇప్పుడు మళ్ల రాస్తున్న. అచ్చు తెలంగాణల రాస్తున్నవా అని అడుగుతరు కొందరు. మా అమ్మ ఒళ్లో చేట పెట్టుకొని మాట్లాడే తెలుగుల రాస్తున్న. నేను చదువుకున్నోన్ని, నా నోట్లె సగం పుస్తకం మాట ఉంటది, అది నా దగ్గరనే ఉంచుకుంటున్న, ఆమె నోట్లె పెడుతలేను.

ఈ వ్యాసం గూడ పంపే ముందు ఆమెకు చదివిన. సవరల కాడ కండ్లు పెద్దగ చేసుకొని విన్నది. చెవులు పోయిన కాడ అయ్యో పాపం అన్నది. రెండు తాన్ల నన్ను ఆపింది. ఒక మాట నేను ఎన్నడూ అనలే, తీసెయ్యి అన్నది, తీసేసిన. ఇంకొకటి అసమ్మతి పత్రం. అంటె ఏందని అడిగింది. నేను ఒప్పుకోను అని సంతకం పెట్టి ఇచ్చిన కాయిదం అని చెప్పిన. అట్లనే రాయొచ్చు గద అన్నది. గా మాట మాత్రం అట్లనే ఉంచిన, ఇంకా ఆలోచిస్తనే ఉన్న.